బుల్లెట్ ముందు చక్రం, ఫోర్కులు మళ్లీ బిగించిన వైనం

మా నాన్నగారి బుల్లెట్ 1972 నాటిది, 350 సీసీ. పర్లాకిమిడిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఆ గాలికి షెడ్డు కూలి బండి ముందు భాగం మీద పడింది. మడ్గార్డు నొక్కుకుపోయింది, దాని ఊచలు వంగిపోయాయి, హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోయింది. పెరట్లో నిలిచిన వరద నీటిలో ముందు చక్రం ఇరుసు దాకా మునిగింది. ఊరంతా ఇళ్లు బాగు చేసుకునే రోజులవి. బండిని అరుగు మీదకు ఎక్కించి టార్పాలిన్ కప్పి వదిలేశాం. ఇంజను పని ఆ తర్వాత మెల్లగా అయింది. ముందు భాగం మాత్రం ఇటీవలే పూర్తయింది. ఆ పని ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను. పాత బుల్లెట్ ఉన్నవాళ్లు చాలామంది ఫోర్కుల (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టే కాళ్ల) విషయంలో ఒకే రకం ఇబ్బంది పడుతున్నారని, దాని మూలం బండి వయసులో కాక బిగించిన తీరులో ఉందని నాకు ఈ పనిలో తెలిసివచ్చింది.

బండి గురించి నాన్నగారు ఎప్పుడూ ఒక మాట చెప్పేవారు: "ఇది ఎడమకు లాగుతుంది. చేతిని కుడివైపు కాస్త బిగించి పట్టుకో." తుపానుకు చాలా ఏళ్ల ముందు, మహేంద్రతనయ వంతెన దగ్గర ఒకసారి బండి పక్కకు ఒరిగి పడిందట. అప్పుడు ఎవరో మెకానిక్కు ముందు భాగం విప్పి బిగించాడు. అప్పటి నుంచి ఆ లాగుడు ఉంది. ముప్ఫై ఏళ్లకు పైగా నాన్నగారు దాన్ని బండి స్వభావం అనుకుని సర్దుకుపోయారు. విప్పే ముందు ఈ సంగతి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఏ బండి విషయంలోనైనా ముందు ఆ బండి నడిపినవాళ్లను అడగాలి. విప్పేశాక బండి చెప్పలేని విషయాలు వాళ్లే చెబుతారు.

ఈ ఫోర్కు లోపల ఏముందో తెలియకుండా పాన పట్టుకోకూడదు. మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పుడు ఇంగ్లండులోని రెడిచ్ నుంచి వచ్చిన నమూనానే ఇక్కడ తయారు చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఫోర్కు నిర్మాణంలో పెద్ద మార్పు లేదు. అందువల్ల ఇంగ్లండులో అచ్చయిన పాత వర్క్‌షాప్ పుస్తకంలోని వివరణ నా 1972 బండికీ సరిపోయింది.

ఒక్కో కాలులో రెండు గొట్టాలు. పైది ఉక్కుది, దాన్ని మెయిన్ ట్యూబు అంటారు. కింది గొట్టం అల్యూమినియం పోత. చక్రం ఇరుసు కూర్చునే చోటు దాని అడుగునే ఉంటుంది. ఉక్కు గొట్టం పై కొసకు మర ఉంటుంది. అది హెడ్‌లైటును, మీటరును మోసే పెద్ద అల్యూమినియం పోత ముక్కలోకి బిగుస్తుంది. బుల్లెట్ ప్రియులు దాన్ని క్యాస్కెట్ అంటారు. దాని కింద రెండు కాళ్లనూ కలిపి పట్టే అడ్డు ముక్క ఉంటుంది, మా మెకానిక్కులు దాన్ని 'టీ' అంటారు. ఉక్కు గొట్టం అడుగున ఒక ఉక్కు బుష్ (గొట్టాల మధ్య కూర్చునే తొడుగు), అల్యూమినియం గొట్టం పైన ఒక కంచు బుష్. ఈ రెండు బుష్‌ల మీదే కాలు పైకీ కిందకీ జారుతుంది. స్ప్రింగు ఉక్కు గొట్టం లోపల ఉంటుంది. అడుగు నుంచి పైకి ఒక కడ్డీ నిలబడి ఆ స్ప్రింగును మోస్తుంది. ఈ కడ్డీలోనే అసలు తెలివి ఉంది. దాని రెండు చివర్లూ కొద్దిగా ఏటవాలుగా చెక్కి ఉంటాయి. కాలు కదిలినప్పుడు నూనె ఈ కడ్డీకీ చుట్టూ ఉన్న రంధ్రానికీ మధ్య సందులోంచి దూరుతుంది. కాలు పూర్తిగా కుంగబోతున్నా, పూర్తిగా సాగబోతున్నా సందు ఇరుకై నూనె అడ్డుకుంటుంది. మధ్యలో మెత్తగా, చివర్లలో గట్టిగా పనిచేసే ఈ ఏర్పాటుకు విడిగా వాల్వులూ షిమ్‌లూ అక్కర్లేదు. 1940ల చివర ఇంత సులువుగా ఆలోచించినవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి, బ్రేకు కేబులు తీసి, ఇరుసును పట్టి ఉంచే నాలుగు నట్లు విప్పితే చక్రం చేతికి వస్తుంది. తర్వాత మడ్గార్డు. తర్వాత ఒక్కో కాలు అడుగున ఉన్న నట్టు విప్పి, కడ్డీని చెక్క సుత్తితో పైకి కొట్టాలి. అప్పుడే నూనె బయటికి వస్తుంది, కింద బేసిన్ ఉండాలి. నా బండిలో వచ్చింది నూనె అనడానికి లేదు. వరద నీళ్లు కలిసి మజ్జిగలా తెల్లగా కారింది. అది చూడగానే లోపల తుప్పు ఖాయమని అర్థమైంది.

ఉక్కు గొట్టాలను క్యాస్కెట్ నుంచి విప్పే దగ్గర మాత్రం ఆగి చెప్పాలి. క్యాస్కెట్ అల్యూమినియం, గొట్టం ఉక్కు. ఏళ్ల తరబడి తడి తగిలితే ఈ రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. బలం పెడితే చెడేది మెత్తనిదైన క్యాస్కెట్ మర. పాత క్యాస్కెట్ మర చెడితే దాన్ని బాగు చేయించడం చాలా కష్టం. తుప్పు వదిలించే నూనె పోసి నాననిచ్చాం. టీ దగ్గర గొట్టాలను పట్టే బోల్టులు వదులు చేసి, అక్కడి చీలికలో పలుచటి చెక్క మేకు దూర్చి ఒక వెంట్రుకవాసి తెరిచాం. గొట్టానికి పైప్ రెంచి పళ్లు తగలకూడదు. తగిలితే ఆ గీత, నూనె కారకుండా ఆపే సీలును కోసేస్తుంది. తోలు పట్టీ చుట్టి దాన్ని మెలిపెట్టి తిప్పాం.

ఈ పనిలో నాకు తోడుగా ఉన్నది మా వీధి చివర షెడ్డు నడిపే పెద్దాయన. ఒడియా మాట్లాడే కుటుంబం, తెలుగు మనలాగే మాట్లాడతారు. మా ఇంట్లో అందరం ఆయన్ను మౌసా (ఒడియాలో పిన్ని భర్తను పిలిచే మాట) అని పిలుస్తాం. మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగు సెలవులకు వచ్చి ఉన్నాడు, వాడూ చేయి కలిపాడు.

విప్పిన గొట్టాలను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాక అసలు పరీక్ష మొదలైంది. ఉక్కు గొట్టం వంగిందో లేదో కంటితో చూస్తే తెలియదు. చదునైన గ్రానైట్ పలక మీద దొర్లించి, కింద వెలుతురు సందు కనబడుతుందేమో చూడాలి. ఒకటి చక్కగా దొర్లింది. రెండోది ఒక చోట కాస్త ఎగిరి దొర్లింది. వంపు చాలా తక్కువ, ప్రెస్సు మీద సరిచేయదగినంతే. తుప్పు గుంటల సంగతి వేరు. సీలు, బుష్ జారే భాగంలో గుంట ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా నూనె కారుతుంది. పైన కవరు కింద దాగే భాగంలో ఉంటే ఫర్వాలేదు. నా బండిలో రెండు గొట్టాలకూ జారే చోటే గుంటలు పడ్డాయి.

మార్కెట్లో కొత్త గొట్టాలు దొరుకుతాయి. బుల్లెట్‌కు ఉన్న పెద్ద అదృష్టం అది. కానీ నేను పాతవాటినే హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) చేయించి గ్రైండింగ్ పట్టించడానికి విశాఖ పంపాను. నేను చూసిన కొత్త గొట్టాల పై మరలు మా పాత క్యాస్కెట్‌లో వదులుగా తిరిగాయి. క్యాస్కెట్ మర చెడకుండా ఉందన్న నమ్మకం ఉన్నప్పుడు దానికి అలవాటైన గొట్టాన్ని కాపాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ముందు ప్రెస్సు మీద వంపు తీయించి, ఆ తర్వాతే క్రోమ్ చేయించాలి. క్రోమ్ వేశాక వంచితే పూత పగులుతుంది.

క్రోమ్, గ్రైండింగ్ అయి వచ్చిన గొట్టానికి పాత కంచు బుష్ సరిపోదు. బుష్ లేతు మీద కొత్తగా చేయించాలి. ఇక్కడ సరిహద్దు ఊరి సౌకర్యం ఒకటి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. పటం మీద గీత పడింది గానీ మా రాకపోకలు ఆగలేదు. బండి ఒడిశాలో, లేతు ఆంధ్రలో. పాతపట్నంలో లేతు పని చేసే ఒకాయనకు గొట్టం, కింది గొట్టం రెండూ ఇచ్చి, గన్‌మెటల్‌తో (ఒక రకం కంచుతో) బుష్‌లు తీయమన్నాను. గొట్టం బుష్‌లో ఎంత వదులుండాలో ఆయన ఇలా పరీక్షించారు: గొట్టానికి నూనె రాసి నిలువుగా పట్టుకుని బుష్ తొడిగి వదిలితే, అది దానంతట అది మెల్లగా దిగాలి. జారిపడితే వదులు. ఆగిపోతే బిగువు. పక్కకు కదిపితే టకటకలాడకూడదు. కొలపరికరంతో కొలిచిన తర్వాత కూడా ఆయన ఈ చేతి పరీక్ష వదల్లేదు. అది చూసి ఆయన పని మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

ఆయిల్ సీళ్ల దగ్గర కొంత కాలం పోయింది. ఒక దుకాణంలో బుల్లెట్‌వేనని ఇచ్చినవి లోపలి కొలత సరిపోలేదు, గొట్టాన్ని పట్టలేదు. సీలు కొనేటప్పుడు గొట్టం ముక్కో, కనీసం కొలతో జేబులో పెట్టుకుని వెళ్లాలి. చివరికి బరంపురంలో సరైనవి దొరికాయి.

ఇక స్టీరింగు. ఫ్రేము తల గొట్టంలో పైన ఒక గిన్నె, కింద ఒక గిన్నె, వాటిలో ఉక్కు గోళీలు. మెకానిక్కులు దీన్ని కోన్ సెట్టు అంటారు. బుల్లెట్‌లో పైనా కిందా ఒకే కొలత, పావు అంగుళం గోళీలు, గిన్నెకు 19 చొప్పున మొత్తం 38. నా బండి గిన్నెల్లో హ్యాండిల్ సూటిగా ఉండే చోట గోళీల అచ్చులు పడి ఉన్నాయి. దీన్ని వేలితో తడిమితే తెలుస్తుంది. అచ్చులు పడిన గిన్నెతో బండి సూటిగా వెళ్తున్నప్పుడు హ్యాండిల్ ఆ గుంటలో కూర్చుని, చిన్న మలుపులకు మొండికేస్తుంది. ఎదురుగా గుంత చూసి పక్కకు తప్పిద్దామంటే బండి ఒక క్షణం ఆలస్యంగా వింటుంది. పాత బండ్లు బరువుగా తిరుగుతాయని చెప్పుకునే మాటలో సగం ఈ గిన్నెలదే.

పాత గిన్నెలను ఎదుటి వైపు నుంచి ఇనుప కడ్డీ పెట్టి అంచు చుట్టూ కొంచెం కొంచెం కొడుతూ దించాలి. కొత్తవి ఎక్కించేటప్పుడు సుత్తి వాడవద్దు. పొడవాటి మర కడ్డీ తీసుకుని, రెండు వైపులా పెద్ద వాషర్లు పెట్టి, నట్టు తిప్పుతూ లోపలికి లాగితే గిన్నె వంకర పోకుండా కూర్చుంటుంది. తర్వాత గిన్నె నిండా గ్రీజు పెట్టి గోళీలను అందులో అతికించాలి. గోళీలన్నీ పెట్టాక కొంచెం ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఉండాలి. ఖాళీ ఉంది కదా అని ఇంకో గోళీ దూరిస్తే అవి ఒకదానికొకటి రాసుకుని తిరగవు.

బిగింపు ఎంత ఉండాలన్నది ముందు చక్రం నేలకు తగలకుండా ఎత్తి చూసుకోవాలి. ఫోర్కును ముందుకూ వెనక్కీ లాగితే తల దగ్గర టక్కుమని చప్పుడు రాకూడదు. హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో నెట్టి వదిలితే రెండు వైపులకూ తన బరువుతోనే వాలాలి. చప్పుడు ఉంటే వదులు. మధ్యలో ఆగితే బిగువు. నట్టులో ఎనిమిదో వంతు తిప్పినా తేడా తెలుస్తుంది. క్యాస్కెట్‌ను స్టీరింగు కాండానికి పట్టే బోల్టు బిగించగానే ఈ సర్దుబాటు ఒక్కోసారి కొంచెం మారుతుంది. కాబట్టి ఆ బోల్టు బిగించాక మళ్లీ పరీక్షించాలి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న భాగానికి వచ్చాను.

గొట్టాలను తిరిగి క్యాస్కెట్‌లోకి ఎక్కించేటప్పుడు మౌసా నా చేయి పట్టి ఆపారు. "బాబూ, ముందుకు తిప్పకు. మొదట వెనక్కి తిప్పు. టక్కుమని ఒక మెట్టు దిగినట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పు." అలా చేస్తే మర మొదలు ఎక్కడుందో చేతికి దొరుకుతుంది. అడ్డంగా ఎక్కే ప్రమాదం ఉండదు. చేతి వేళ్లతో తిరిగినంత మేరా చేతితోనే తిప్పాం. చివరి కొద్ది చుట్లకే పట్టీ వాడాం. మరకు పలుచగా గ్రీజు రాశాం, ఇకముందు ఎవరు విప్పినా ఉక్కూ అల్యూమినియమూ కరుచుకోకుండా.

రెండు గొట్టాలూ ఎక్కాక, కింది గొట్టాలు తొడిగే ముందు, అవి ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో చూడాలి. ఫోటో ఫ్రేముల దుకాణం నుంచి తెచ్చిన మందపాటి అద్దం ముక్కను రెండు గొట్టాలకూ అడ్డంగా ఆనించాలి. రెండూ ఒకే తలంలో ఉంటే అద్దం నాలుగు మూలలా తాకి కదలకుండా నిలుస్తుంది. మెలి ఉంటే ఒక మూల ఎత్తుగా ఉండి ఊగుతుంది. మా మేనల్లుడు అద్దం పట్టుకుని, "మావయ్యా, ఇటు పక్క కింద ఊగుతోంది," అన్నాడు. గొట్టాలు సూటిగానే ఉన్నాయి, క్యాస్కెట్ బాగుంది. మరి మెలి ఎక్కడిది? టీ ముక్కలో. ఎప్పుడో వంతెన దగ్గర పడినప్పుడు టీ కొద్దిగా మెలి తిరిగింది. అప్పుడు బిగించిన మెకానిక్కు ఆ మెలిని అలాగే ఉంచి బోల్టులన్నీ బలంగా బిగించేశాడు. గొట్టాలు ఆ మెలికి లొంగి వంకరగా నిలిచాయి. ఒకటి కొద్దిగా వంగడానికీ, బండి ఎడమకు లాగడానికీ అదే కారణమని మాకు అప్పుడు స్పష్టమైంది. నాన్నగారిని పిలిచి అద్దం ఊగడం చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత, "ఇన్నాళ్లూ బండిని తప్పు పట్టాను," అన్నారు.

టీని తీసి పాతపట్నంలోనే ప్రెస్సు మీద సరిచేయించాం. పోత ముక్కయితే పగిలే భయం ఉంటుంది. ఇది ఉక్కు, మెలి స్వల్పం, కాబట్టి మెల్లగా సరిచేయగలిగారు. సరిచేశాక పగుళ్లేమైనా ఉన్నాయేమోనని కిరసనాయిలు రాసి తుడిచి, సుద్ద పొడి చల్లి చూశాం. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్దలోకి గీతలా ఊరుతుంది. ఊరలేదు. మళ్లీ బిగించి అద్దం పెడితే ఈసారి కదల్లేదు.

కింది గొట్టాలు తొడిగేటప్పుడు రెండు జాగ్రత్తలు. సీలు మరల మీదుగా, గొట్టం అంచుల మీదుగా జారేటప్పుడు దాని పెదవి తెగకూడదు. పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, నూనె రాసి, దాని మీదుగా జార్చాం. రెండోది, కడ్డీ అడుగున నట్టు కింద ఉండే ఫైబర్ వాషరు. దీని ఖరీదు రూపాయల్లో ఉంటుంది. కొత్తది వేయకపోతే కింది నుంచి చుక్క చుక్కగా కారే నూనెను ఏ సీలూ ఆపలేదు. ఆ తర్వాత పై బిరడాలు తీసి ఒక్కో కాలులో సుమారు 200 మిల్లీలీటర్ల ఫోర్కు ఆయిలు పోశాం. రెండు కాళ్లలోనూ సమానంగా పడటం ముఖ్యం. ఇంజెక్షన్ సిరంజితో కొలిచి పోయడం వల్ల ఆ చింత లేకుండా పోయింది. చిక్కటి నూనె పోస్తే బండి స్థిరంగా ఉంటుందని కొందరు అంటారు. మా వైపు గుంతల రోడ్ల మీద చిక్కటి నూనె పోస్తే ఫోర్కు ఒక గుంత నుంచి తేరుకునే లోపే మరో గుంత వస్తుంది. కంపెనీ చెప్పిన చిక్కదనమే నాకు సరిపోయింది.

చక్రం సంగతి. రిమ్ము 19 అంగుళాలది, 40 పుల్లలు. వరద నీటికి పుల్లల నిపుల్స్ (పుల్లలను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) దగ్గర రిమ్ము లోపలి నుంచి తినేసి ఉంది. బయటికి మెరుస్తున్నా నమ్మలేం, కాబట్టి రిమ్ము, పుల్లలు కొత్తవి వేశాం. హబ్బును, డ్రమ్మును అలాగే ఉంచి బేరింగులు మార్చాం. అల్లికా, బెండు తీయడమూ రాజవీధిలో సైకిలు దుకాణం నడిపే పెద్దాయనకు అప్పగించాను. ఆయన ముందు ఎగుడుదిగుడు సరిచేసి, తర్వాతే పక్క ఊపు మీదకు వెళ్లారు. ముందు పక్క ఊపు సరిచేసి తర్వాత ఎగుడుదిగుడు లాగితే మొదటి పని మళ్లీ పాడవుతుందట. పుల్లలను వేలితో మీటి చప్పుడు వింటూ బిగువు సమానం చేశారు. నిపుల్‌ను దాటి బయటికి వచ్చిన పుల్లల కొసలను ఆకురాయితో అరగదీసి, రిమ్ము టేపు వేసి, ట్యూబు, 3.25 టైరు ఎక్కించారు. ముందు టైరులో 18 పౌండ్ల గాలి.

చక్రం ఎక్కించేటప్పుడు అందరూ చేసే పని, నాలుగు నట్లనూ ఒకేసారి కసకసా బిగించేయడం. అక్కడే ఫోర్కు చెడుతుంది. ఇరుసు రెండు కాళ్లనూ ఒకదానికొకటి కట్టేసే కడ్డీ. రెండో కాలు ఎక్కడ నిలవాలనుకుంటోందో దానికి అవకాశం ఇవ్వకుండా బిగిస్తే, అది జీవితాంతం పక్కకు లాగబడుతూనే పైకీ కిందకీ జారుతుంది. బుష్ ఒక పక్కే అరుగుతుంది. సీలు ఒక పక్కే నూనె వదులుతుంది. ఫోర్కు సగం దారిలో పట్టేస్తుంది. మనం సీలు మారుస్తాం, మళ్లీ కారుతుంది.

మేం చేసిన క్రమం ఇది. బ్రేకు ప్లేటు అడ్డు, కాలు మీద ఉండే ముక్కలో సరిగ్గా కూర్చుందో లేదో మొదట చూశాం. అది కూర్చోకపోతే బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతోపాటు తిరిగి కేబులును తెంచేస్తుంది, ప్రాణాపాయం. తర్వాత ప్లేటును పట్టే నట్టు వదులుగా ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు లాగి పట్టుకుని, అలా పట్టుకునే ఆ నట్టు బిగించాం. దీనితో బ్రేకు షూలు డ్రమ్ము మధ్యకు వస్తాయి. ఇరుసు మూతల్లో (ఇరుసును కాళ్ల అడుగున అదిమి పట్టే ముక్కల్లో) బ్రేకు వైపువి మాత్రమే, రెండు నట్లనూ మార్చి మార్చి సమానంగా బిగించాం. రెండో వైపు మూతలను కేవలం నిలిచేంతగా వదిలేశాం. టీ బోల్టులు కూడా ఇంకా వదులే. బండిని స్టాండు దించి, ముందు బ్రేకు పట్టి, నేను హ్యాండిల్ మీద బరువు వేసి ఫోర్కును లోతుగా కుంగదీసి వదులుతూ పోయాను. మా మేనల్లుడు చక్రం దగ్గర కూర్చుని ఆ వదులు కాలునే గమనించాడు. మొదట అది ఇరుసు మీద ఒక పక్కకు జరిగింది. తర్వాత మెల్లగా ఒక చోట కుదురుకుంది. ఇక కదలడం లేదని వాడు చెప్పాక టీ బోల్టులు, వాటి తర్వాత ఆ వైపు మూతలు బిగించాం.

మడ్గార్డు అన్నిటికంటే చివర. దాని ఊచలు కింది గొట్టాలకే బిగుస్తాయి కాబట్టి, వంగిన ఊచను లాగి బోల్టు పెడితే కాలునే లాగినట్టు అవుతుంది. షెడ్డు పడి నొక్కుకుపోయిన మడ్గార్డును టింకరింగ్ చేయించినా, ఊచల రంధ్రాలు ఇంకా కొద్దిగా తేడాగా ఉన్నాయి. బోల్టు చేత్తో నెట్టగానే దూరేంతవరకూ ఊచలనే సరిచేశాం. మౌసా ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉన్నారు. చేతితో దూరని బోల్టును ఆయన సుత్తితో దూర్చనివ్వలేదు.

మొదటి ప్రయాణం పాతపట్నం వైపు, తక్కువ వేగంతో. గుణుపురం రైలు మార్గం గేటు దాటడం నేను కావాలనే ఎంచుకున్న పరీక్ష. పట్టాల మీద పాత ఫోర్కు రెండు సార్లు టక్కుమని కొట్టేది. ఈసారి కుంగి తేలింది, చప్పుడు లేదు. ఖాళీ రోడ్డు చూసి హ్యాండిల్ మీద చేతులు పూర్తిగా వదులు చేశాను. బండి సూటిగా వెళ్లింది. తర్వాత ఒకరోజు గండాహతి దారిలో కొండ మలుపుల మీద తిప్పాను. పైకి ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఫోర్కు మీద బరువు ఎక్కువ పడుతుంది. బ్రేకు పట్టి మలుపులోకి దిగినా ముందు భాగం వణకలేదు. నాన్నగారు వెనక కూర్చుని వచ్చారు. దిగాక ఆయన మొదట అడిగింది, ఎడమకు లాగిందా అని. లేదన్నాను. తర్వాత ఇంటి ముందు వీధిలో తానే కొంచెం దూరం నడిపారు. అలవాటు కొద్దీ చేయి కుడివైపు బిగించారు కాబోలు, బండి ఆ పక్కకు వెళ్లింది. రెండో చుట్టుకు చేయి వదులు చేసుకున్నారు.

ప్రయాణం తర్వాత అన్ని నట్లనూ మళ్లీ ఒకసారి చూశాం. ఇరుసు మూతల నట్లు కొద్దిగా బిగిశాయి, స్టీరింగు నట్టు ఒక పిసరు బిగిసింది. కొత్త గిన్నెలు కూర్చున్నాక ఇది సహజం, కొత్తగా బిగించినవాళ్లు కచ్చితంగా చూసుకోవాలి. కొత్త పుల్లలు కూడా సాగుతాయి, కాబట్టి చక్రాన్ని మళ్లీ సైకిలు దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన నాలుగైదు నిపుల్స్ తిప్పి ఇచ్చారు. సీళ్ల దగ్గర ఇప్పటికీ పొడిగానే ఉంది. బ్రేకు షూలు ఇంకా డ్రమ్ముకు పూర్తిగా అలవాటు పడలేదు, అంచుల దగ్గరే తాకుతున్నాయి. వర్షాకాలం వచ్చేలోపు డ్రమ్ము విప్పి, తాకే చోట్లు చూసి, షూలను ఆకురాయితో సరిచేయాలి.